జిప్సీ 65 దాటితే అదురుతోంది, యూజేలు మార్చాక ఇంకా ఎక్కువైంది

గోదారి_గట్టు
2003 మారుతి జిప్సీ కింగ్. ఆర్మీ వేలంలో పాడుకున్నాయన దగ్గర నాలుగేళ్ల కిందట కొన్నాను. టైర్లు 215/75 ఆర్15. వెనకాల ఎవరో పొడుగు షాకిల్స్ (కమాన్ పట్టీ కొసని ఛాసిస్‌కి పట్టే ముక్కలు) వేసి రెండంగుళాలు లేపారు, నేను కొన్నప్పటికే అలా ఉంది. ఆరు నెలల నుంచి మారేడుమిల్లి ఘాట్ ఎక్కేటప్పుడు సెకండ్ గేర్‌లో గట్టిగా తొక్కితే సీటు కింద గుర్రుమని అదురు, యాక్సిలరేటర్ వదిలితే ఠప్‌మని ఒక దెబ్బ. మెకానిక్ చూసి యూజే (షాఫ్ట్ కొసన ఉండే యూనివర్సల్ జాయింట్, క్రాస్ అన్నా అదే) పోయిందన్నాడు, వెనక చక్రాల్ని తిప్పే షాఫ్ట్‌కి రెండు క్రాస్‌లూ మార్చాడు. అప్పట్నుంచి ఘాట్‌లో అదురు అలాగే ఉంది, అది చాలదన్నట్టు హైవే మీద 65 దాటితే బండంతా జివ్వుమంటోంది. 75 దగ్గర అద్దంలో వెనకొచ్చే ఒక్క లారీ రెండు లారీల్లా కనిపిస్తోంది. మళ్లీ వెళ్తే టైర్ల బాలెన్సింగ్ అన్నాడు, చేయించాను, ఏం తేడా లేదు. ఇప్పుడు క్రౌన్ పినియన్ (వెనక ఆక్సిల్ లోపలి పళ్లచక్రాలు) దించాలంటున్నాడు, పద్దెనిమిది వేలట. దించమననా వద్దా? ఇంట్లో అయితే బండిని పాత ఇనప సామాన్లవాడికి వేసెయ్యమంటున్నారు.

హైవే_హనుమ
టైర్లే. ఆర్మీ బండ్లు ఒకేచోట నెలల తరబడి నిలబడి ఉంటాయి, టైరు కింద చదునైపోతుంది. నాకూ ఇలాగే అయింది. నాలుగూ మార్చు.

గోదారి_గట్టు
టైర్లు కిందటేడు కొత్తవి వేశాను అన్నా.

హైవే_హనుమ
అయితే రిమ్ములు.

మన్యం_మట్టి
హనుమన్న ఏ సమస్యకైనా టైర్లే అంటాడు. కిందటి వారం ఎవరికో ఏసీ చల్లబడట్లేదంటే టైర్లలో గాలి చూసుకోమన్నాడు.

హైవే_హనుమ
అది మైలేజీ గురించి అడిగితే చెప్పింది. చదవడం నేర్చుకో.

పాత_పానా
గోదారీ, ఎవరి చేతా ఏదీ దించనీకు, ఆగు. ఆటోనగర్‌లో పాతికేళ్లు షెడ్డు నడిపాను, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నువ్వే రాశావు, నువ్వే గమనించలేదు. నీది ఒక అదురు కాదు, రెండు. ఒకటి లాగినప్పుడు వచ్చేది, పాతది, యూజే మార్చినా పోలేదు. రెండోది స్పీడుకి వచ్చేది, యూజే మార్చాక పుట్టింది. రెంటికీ ఒకే మందు వెతుకుతున్నారు కాబట్టే మీ మెకానిక్‌కి అంతు చిక్కడం లేదు. ముందు వీటికి జవాబు చెప్పు. 75లో క్లచ్ నొక్కి న్యూట్రల్‌లో వదిలేస్తే అదురు ఉంటుందా పోతుందా? అదే 70లో నాలుగో గేర్‌లోనూ ఐదో గేర్‌లోనూ ఒకేలా ఉందా? స్టీరింగ్‌లో వస్తోందా, సీట్లో వస్తోందా? ముందు హబ్‌లు (ముందు చక్రాల్ని షాఫ్ట్‌తో కలిపేవి, విడదీసేవి) ఫ్రీలో ఉన్నాయా, లాక్‌లోనా?

గోదారి_గట్టు
స్టీరింగ్‌లో పెద్దగా లేదు, సీటు, ఫ్లోరు, గేర్ రాడ్డు. మిగతావి రేపు పొద్దున చూసి చెప్తా. హబ్‌లు ఇప్పుడే కిందికెళ్లి చూశాను. లాక్‌లో ఉన్నాయి. దసరాకి వాగు దాటినప్పుడు వేసినవి, తీయడం మర్చిపోయాను.

మన్యం_మట్టి
దసరా నుంచి ముందు షాఫ్ట్‌ని ఊరికే తిప్పుకుంటూ తిరుగుతున్నావన్నమాట. పెట్రోలు బంకువాడు నీ ఫొటో పెట్టుకుని ఉంటాడు.

నల్లమల_రైడర్
స్టీరింగ్‌లో లేదంటే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు) బేరింగులు కాదు, ఆ గొడవ తప్పింది. నా జిప్సీకి 55 దగ్గర స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోయేలా ఊగేది, శ్రీశైలం ఘాట్‌లో ఒకసారి ప్రాణం పోయినంత పనైంది. అది కింగ్ పిన్ లూజు, డ్రైవ్‌లైన్‌కి, అంటే షాఫ్టులకీ జాయింట్లకీ, సంబంధం లేదు. చాలామంది రెండూ కలిపేస్తారు.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ జీపు వాళ్లు దాన్ని డెత్ వాబుల్ అంటారు. నా దగ్గర 1998 చెరొకీ ఉంది, దానికి ట్రాక్ బార్ బుష్ పోయి అలా వచ్చింది. నల్లమల చెప్పింది నిజం, అది వేరు ఇది వేరు. కానీ బండి లేపారన్నాడు కదా, నా ఓటు షాఫ్ట్ యాంగిల్‌కి. చెరొకీని మూడంగుళాలు లేపిన రోజు నుంచే వెనక షాఫ్ట్ మొదలెట్టింది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని ఒక అంగుళం కిందికి దించితే తగ్గింది.

రామచిలుక
నాకు 2014 థార్ ఉంది. ఈ ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్ వెనకాలే బిగించి ఉంటుంది కదా, దాన్నొక్కదాన్నే కిందికి ఎలా దించుతారు? లేపిన బండికి ఇది మామూలేనా?

పాత_పానా
రామచిలుక, నీ థార్‌లో గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఒకే ముద్ద. జిప్సీలో అలా కాదు, రెండూ విడివిడి కాపురాలు. గేర్‌బాక్స్ నుంచి ఒక పొట్టి షాఫ్ట్ వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫర్ కేస్‌ని తిప్పుతుంది, అక్కణ్ణుంచి ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి. అంటే మొత్తం మూడు షాఫ్టులు, ఆరు క్రాస్‌లు. ఆ ట్రాన్స్‌ఫర్ కేస్ ఛాసిస్‌కి మూడు చోట్ల రబ్బర్ల మీద వేలాడుతుంది. ఆ మూడు రబ్బర్ల సంగతి తర్వాత మాట్లాడతా, ఇప్పుడే చెప్తే గోదారి పరీక్షలు మానేసి వాటి వెనక పడతాడు.

గోదారి_గట్టు
పొద్దున ఆరింటికి రాజానగరం వైపు వెళ్లొచ్చా, రోడ్డు ఖాళీ. ముందు హబ్‌లు ఫ్రీ చేశాను, స్టీరింగ్ తేలికైంది కానీ అదురులో మార్పు లేదు. 75లో న్యూట్రల్‌లో వదిలేస్తే జివ్వుమనేది అలాగే ఉంది, స్పీడు తగ్గేకొద్దీ సన్నబడి 60 దగ్గర పోయింది. నాలుగు, ఐదు గేర్లలో 70లో ఒకేలా ఉంది. వచ్చేటప్పుడు ఒక ఫ్లైఓవర్ ఎక్కుతూ మూడో గేర్‌లో 40లో గట్టిగా తొక్కాను, ఆ పాత గుర్రు వచ్చింది. అక్కడే న్యూట్రల్ చేస్తే ఠక్కున పోయింది.

పాత_పానా
చూశావా, రెండు జబ్బులు. న్యూట్రల్‌లో కూడా ఉన్నదానికి ఇంజనుతో, క్లచ్‌తో పనిలేదు. న్యూట్రల్‌లో పోయేది లోడు పడితేనే నిద్రలేస్తోంది.

లెక్కల_మాస్టారు
నేను బెంగళూరులో మెషీన్ల వైబ్రేషన్ చూసే పనిలో ఉన్నాను, జిప్సీ లేదు, చిన్నప్పుడు మా మామయ్యకి ఉండేది. టైరా షాఫ్టా అని కొట్టుకోవడం ఎందుకు, లెక్కేస్తే తేలిపోతుంది. 215/75 ఆర్15 చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. 70 కి.మీ. స్పీడులో బండి సెకనుకి 19.4 మీటర్లు పోతుంది, అంటే చక్రం సెకనుకి దాదాపు 9 చుట్లు. వెనక షాఫ్ట్ చక్రానికి ఇంచుమించు నాలుగు రెట్లు తిరుగుతుంది, 35 చుట్లు. గేర్‌బాక్స్ నుంచి ట్రాన్స్‌ఫర్ కేస్‌కి వెళ్లే పొట్టి షాఫ్ట్ ఇంకా వేగం, ఎందుకంటే ఈ బళ్లలో మామూలుగా నడిపే హై రేంజ్‌లో కూడా ఒకటికి ఒకటి ఉండదు, సుమారు 1.4 ఉంటుంది. అది 49. ఇప్పుడు అసలు విషయం. షాఫ్ట్ బాలెన్స్ తప్పితే చుట్టుకి ఒక అదురు, క్రాస్ జాయింట్ కోణం తేడా వస్తే చుట్టుకి రెండు అదుర్లు. ఫోన్‌లో వైబ్రేషన్ యాప్ దింపుకుని సీటు పట్టా మీద పెట్టి 70లో సెకనుకి ఎన్ని అదుర్లో కొలువు. 9 వస్తే హనుమ గారు గెలిచారు. 35 అయితే షాఫ్ట్ బాలెన్సు. 70 అయితే వెనక జాయింట్ల కోణం. 98 అయితే పొట్టి షాఫ్ట్.

మన్యం_మట్టి
మాస్టారూ మీరు ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ చెప్పి ఉంటే నేను ఈపాటికి జిప్సీ కాదు, రాకెట్ నడిపేవాణ్ణి.

హైవే_హనుమ
మా తాత ఎడ్లబండి ఇరుసు చెవి పెట్టి విని చెప్పేవాడు, యాప్ లేదు ఏం లేదు. సరే కొలవండి. 9 వస్తే అందరూ నాకు బిర్యానీ ఇప్పించాలి.

గోదారి_గట్టు
మాస్టారూ ఆ నాలుగు రెట్లు నిజమేనా అని ఒకసారి చూసుకుందామని వెనక ఒక చక్రం లేపి, ట్రాన్స్‌ఫర్ న్యూట్రల్‌లో పెట్టి, మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, షాఫ్ట్ మీద సుద్దతో గీత గీసి తిప్పాను. చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ రెండు చుట్లే తిరిగింది. తేడా వస్తోందేంటి?

లెక్కల_మాస్టారు
తేడా కాదు, సరిగ్గానే వచ్చింది. రెండో చక్రం నేల మీద ఆగి ఉంది కాబట్టి డిఫరెన్షియల్‌లో సగమే పడుతుంది. చక్రం రెండు చుట్లకి షాఫ్ట్ నాలుగు. సుద్ద గీత ఐడియా బాగుంది.

గోదారి_గట్టు
కొలిచాం. పక్క సీట్లో మా ఆవిడని కూర్చోబెట్టి ఫోన్ ఇచ్చాను. 70లో పెద్ద శిఖరం 69 దగ్గర, 60లో 59 దగ్గర. 35 దగ్గర చిన్నది ఒకటుంది, 9 దగ్గర దాదాపు ఏమీ లేదు. ఇదంతా చూసి ఆవిడ అడిగిందేమిటంటే, స్పీడు ఎంతో అంకె కూడా అంతే వస్తోంది కదా, ఫోన్ స్పీడ్ చూపిస్తోందేమో అని. ఐదు నిమిషాలు నాకూ అనుమానం పట్టుకుంది.

లెక్కల_మాస్టారు
నీ టైరు సైజుకి, నీ ఆక్సిల్ రేషియోకి అలా కలిసొచ్చింది, అంతే. అయితే అది వెనక షాఫ్ట్, చుట్టుకి రెండు. నా పని అయిపోయింది, ఇక పానా గారి వంతు.

హైవే_హనుమ
బిర్యానీ పోయింది.

డల్లాస్_బాబాయ్
నేను ముందే చెప్పాను, యాంగిల్. షాకిల్స్ వల్లే.

పాత_పానా
బాబాయ్, తొందరపడకు. షాకిల్స్ నాలుగేళ్ల నుంచీ ఉన్నాయి, ఈ జివ్వుమనడం యూజే మార్చాక వచ్చింది. షాకిల్స్‌కి పాపం అంటించే ముందు ఆ రోజు షెడ్డులో ఏం జరిగిందో చూడాలి. కుర్రాళ్లకి అర్థమయ్యేలా చెప్తా. రెండు గొట్టాల మధ్య ఒక క్రాస్ పెట్టి వంకరగా తిప్పితే రెండో గొట్టం ఒకే వేగంతో తిరగదు, ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకి తూలుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. పది డిగ్రీల వంకరకి ఒకటిన్నర శాతం తేడా, ఇరవై డిగ్రీలకి ఆరు శాతం పైమాట. షాఫ్ట్ రెండో కొసన ఇంకో క్రాస్ ఉంది కదా, అది ఆ తూలుడుని సరిగ్గా తిరగేసి రద్దు చేస్తుంది. కానీ రద్దు కావాలంటే రెండు షరతులు. రెండు కొసలా వంకర సమానంగా ఉండాలి. షాఫ్ట్‌కి అటూ ఇటూ ఉన్న రెండు ఫోర్కుల చెవులూ ఒకే గీతలో ఉండాలి. జిప్సీ షాఫ్ట్ మధ్యలో పళ్లమీద జారే కీలు ఉంటుంది. క్రాస్‌లు కొట్టేటప్పుడు వైస్‌లో పట్టడానికి వీలుగా ఉంటుందని దాన్ని రెండు ముక్కలుగా లాగేస్తారు, మళ్లీ తోసేటప్పుడు ఏ పన్నులో పడితే ఆ పన్నులో తోసేస్తారు. లాగేముందు రెండు ముక్కల మీదా ఒక గీత గీయడానికి అర నిమిషం పట్టదు. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకి ఆ గీత గీయకపోతే టీ ఉండేది కాదు. కిందకి దూరి వెనక షాఫ్ట్ ఫొటో తీసి పెట్టు, రెండు చెవులూ కనపడాలి.

గోదారి_గట్టు
ఫొటో పెట్టాను. ట్రాన్స్‌ఫర్ వైపు ఫోర్కు పన్నెండు గంటలు చూపిస్తుంటే ఆక్సిల్ వైపుది పది గంటలు చూపిస్తోంది. అంటే ఇదేనా?

పాత_పానా
అదే. ఇంక చెప్పడానికి ఏముంది.

నల్లమల_రైడర్
ఇదేం దారుణం, కంటికి కనిపిస్తోంది! కళ్లద్దాలు లేకుండా చూసినా తెలుస్తుంది.

మన్యం_మట్టి
పద్దెనిమిది వేల క్రౌన్ పినియన్ వెనక దాక్కున్న ఒక సుద్ద గీత.

డల్లాస్_బాబాయ్
ఒప్పుకున్నా. కానీ షాకిల్స్ నిర్దోషులని నేను ఒప్పుకోను. ఇంకో మాట, షాఫ్ట్ విప్పేటప్పుడు కింద డబ్బా పెట్టుకో, మా చెరొకీలో షాఫ్ట్ లాగితే ట్రాన్స్‌ఫర్ ఆయిల్ మొత్తం కారిపోతుంది. నా డ్రైవ్‌వే మీద మరక ఇప్పటికీ ఉంది, మా కాలనీ సంఘం వాళ్లు ఉత్తరం కూడా పంపారు.

పాత_పానా
జిప్సీకి ఆ భయం లేదు. మీ చెరొకీలో షాఫ్ట్ కొస లోపలికి దూరి ఉంటుంది, దీనికి బయట ఫ్లాంజ్ (బోల్టులు బిగించే పళ్లెం), ఆయిల్ సీల్ వెనకాల ఉంటుంది. అటు నాలుగు బోల్టులు, ఇటు నాలుగు, షాఫ్ట్ చేతిలోకి వస్తుంది. గోదారీ, ఫ్లాంజుల మీద కూడా గీతలు గీసుకో. షాఫ్ట్ తీసి పక్కన పెట్టాక ఒక పని చెయ్యి, ఇది నీ పద్దెనిమిది వేల ప్రశ్నకి జవాబు. హబ్‌లు లాక్ చేసి 4హెచ్ (నాలుగు చక్రాల డ్రైవ్, హై రేంజ్) లో పెట్టి ముందు చక్రాలతోనే తిన్నటి రోడ్డు మీద 70 దాకా వెళ్లు. షాఫ్ట్ లేకపోయినా వెనక చక్రాలు దొర్లుతూ ఉంటే క్రౌన్, పినియన్, వాటి బేరింగులు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. అవి పోయి ఉంటే మోత కొంతైనా వినిపించాలి. లోడు లేదు కాబట్టి నూటికి నూరు అనను, కానీ దించాలా వద్దా అన్నది తెలుస్తుంది.

రామచిలుక
4హెచ్ తారు రోడ్డు మీద వెయ్యకూడదు కదా? బైండింగ్ వస్తుందంటారు?

పాత_పానా
ముందూ వెనకా రెండు షాఫ్టులూ ఉంటేనే ఆ లాగులాట. ఒకటి పీకేశాక ఎవరితో కొట్లాడుతుంది. కానీ అడిగినందుకు మంచిదే, ఎవరైనా ఇది చదివి షాఫ్ట్ తీయకుండా వేసి ఊరంతా తిరిగే ప్రమాదం ఉంది.

హైవే_హనుమ
దానికన్నా బండిని జాకీ మీద లేపి గేర్ వేసి తిప్పితే కూర్చున్న చోటే తెలుస్తుంది కదా.

నల్లమల_రైడర్
హనుమన్నా వద్దు. మా ఊళ్లో ఒక షెడ్డులో అలాగే తిప్పుతుంటే స్టాండ్ జారి బండి గోడలోకి వెళ్లింది, అదృష్టం బాగుండి ఎదురుగా ఎవరూ లేరు. పైగా ఛాసిస్ కింద జాకీ పెడితే ఆక్సిల్ వేలాడిపోయి షాఫ్ట్ కోణం మారిపోతుంది, రోడ్డు మీద లేని అదురు అక్కడ పుడుతుంది.

గోదారి_గట్టు
ఆదివారం మొత్తం బండి కిందే. షాఫ్ట్ విప్పాను, ఎనిమిది బోల్టుల్లో రెండు చేత్తోనే తిరిగాయి, స్ప్రింగ్ వాషర్లు లేవు. షాఫ్ట్ లేకుండా ముందు చక్రాలతో 70 వెళ్లాను. నిశ్శబ్దం. అంటే జిప్సీలో ఉండగలిగినంత నిశ్శబ్దం. తలుపు రేకులు కొట్టుకునే చప్పుడు మొదటిసారి విన్నాను. తర్వాత కీలు లాగి చెవులు ఒక గీతలోకి తెచ్చి మళ్లీ తోశాను. లోపల పళ్ల మధ్య పాత గ్రీజు ఎండి బెల్లం పాకంలా ఉంది, కిరసనాయిలుతో కడిగి కొత్తది పెట్టాను. బిగించి బయల్దేరాను. 65 లేదు, 75 లేదు. 85 పైన సన్నగా ఉంది. యాప్‌లో 69 దగ్గరి శిఖరం పదో వంతుకి పడిపోయింది.

లెక్కల_మాస్టారు
మిగిలిన ఆ పదో వంతు బాబాయ్‌దే. ఫోన్‌లో కోణం కొలిచే యాప్ ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ ఫ్లాంజ్ మీద, షాఫ్ట్ గొట్టం మీద, పినియన్ ఫ్లాంజ్ మీద ఆనించి మూడు అంకెలు చెప్పు. బండి నేల మీద, చక్రాల మీద నిలబడి ఉండాలి.

గోదారి_గట్టు
ట్రాన్స్‌ఫర్ దగ్గర షాఫ్ట్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య 11 డిగ్రీలు, పినియన్ దగ్గర 6.

డల్లాస్_బాబాయ్
ఐదు డిగ్రీల తేడా! షాకిల్ పొడుగైతే కమాన్ పట్టీ వెనక కొస కిందికి దిగుతుంది, దాంతో ఆక్సిల్ తిరిగి పినియన్ ముక్కు పైకి లేస్తుంది. అటు వంకర పెరిగింది, ఇటు తగ్గింది. పానా గారూ, నా ఓటు వెనక్కి తీసుకోవడం లేదు.

పాత_పానా
వెనక్కి తీసుకోమని ఎవరన్నారు బాబాయ్, వరసలో నిలబడమన్నాను. పాత పొట్టి షాకిల్స్ వేస్తే పోతుంది. లేదా కమాన్‌కీ ఆక్సిల్‌కీ మధ్య ఏటవాలు షిమ్ పలక పెట్టి పినియన్ ముక్కు దించాలి. ఇప్పుడు పాత జబ్బుకి వద్దాం, లోడు మీద గుర్రుమనేది. ఆ మూడు రబ్బర్లు. ఒక పొడవాటి రాడ్డు తీసుకుని ట్రాన్స్‌ఫర్ కేస్‌ని ఒక్కో మౌంటింగ్ దగ్గర పైకి ఎత్తి చూడు.

గోదారి_గట్టు
గడ్డపార పెట్టి ఎత్తాను. రెండు కొంచెం కదిలాయి, అంతే. మూడోది, సైలెన్సర్ పక్కది, ఎత్తగానే అంగుళం పైకి లేచింది, వదిలితే ఠప్‌మంది. అదే చప్పుడు! ఆరు నెలల నుంచి నేను వింటున్న ఠప్ అదే. టార్చి వేసి చూస్తే రబ్బరు ఇనుము నుంచి పూర్తిగా ఊడిపోయి ఉంది, ఆయిల్ తాగి ఉబ్బి, వేలితో గిల్లితే నానిన శనగపప్పులా వచ్చేసింది.

నల్లమల_రైడర్
మరి యూజే పోయిందని మార్చారు కదా, అవి బాగున్నాయా అసలు?

గోదారి_గట్టు
పాతవి డిక్కీలో ఉన్నాయి, పారేయలేదు. ఇప్పుడు తీసి చూశాను. ఒకటి వేళ్లతో తిప్పితే మెత్తగా తిరుగుతోంది. రెండోది ఆగి ఆగి తిరుగుతోంది, కప్పు ఊడదీస్తే క్రాస్ మీద సూది బేరింగుల అచ్చులు గీతలు గీతలుగా పడి ఉన్నాయి.

పాత_పానా
అయితే మీ మెకానిక్‌ని పూర్తిగా తిట్టడానికి లేదు, ఒక క్రాస్ మార్చాల్సిందే. వాగులు దాటేవాళ్లకి ఇది తప్పదు, నీళ్లు దిగిన ప్రతిసారీ ఇంటికి రాగానే నిప్పిల్‌లో గ్రీజు కొట్టాలి, పాత గ్రీజు నాలుగు కప్పుల్లోంచీ బయటికొచ్చేదాకా. మూడు కప్పుల్లోంచి వచ్చి నాలుగోది రాకపోతే ఆ నాలుగోదే ముందు పోతుంది.

మన్యం_మట్టి
మౌంటింగులు పాలీయురెథేన్‌వి వేయించు, జీవితాంతం చూడక్కర్లేదు.

పాత_పానా
వద్దు. అవి రాయిలా ఉంటాయి, పోవు నిజమే, కానీ గేర్ల మోత మొత్తం ఫ్లోర్‌లోకి వస్తుంది.

మన్యం_మట్టి
నాకు మూడేళ్లుగా ఉన్నాయి, ఏ మోతా లేదు.

నల్లమల_రైడర్
మట్టీ, నీ బండి ఎక్కాను నేను. మోత లేదని కాదు, నీకు వినపడటం మానేసింది. లో రేంజ్‌లో పక్కనున్నవాడికి చెప్పాలంటే సైగలు చేస్తావు.

మన్యం_మట్టి
సరే రబ్బరువే వేసుకోండి, నాదేం పోయింది.

గోదారి_గట్టు
రబ్బరువి హైదరాబాద్ రాణిగంజ్‌లో దొరుకుతాయన్నారు. డూప్లికేట్, ఒరిజినల్ ఎలా పోల్చుకోవాలి?

నల్లమల_రైడర్
ఒరిజినల్ రబ్బరు బొటనవేలితో నొక్కితే కొంచెం దిగుతుంది, నల్లగా మాసినట్టుంటుంది. డూప్లికేట్ నిగనిగలాడుతుంది, టైరు వాసన గుప్పుమంటుంది. మూడూ ఒకేసారి మార్చు, ఒకటే మారిస్తే కొత్తదాని మీదే బరువంతా పడుతుంది.

పాత_పానా
బోల్టులు మూడూ వేళ్లతో వేసి, కేసు కుదురుకున్నాక ఆఖర్న బిగించు. ముందే ఒకటి బిగించేస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, ఏడాదికే చిరుగుతుంది.

గోదారి_గట్టు
పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్. మూడు మౌంటింగులూ మార్చాను, పక్కింటి అబ్బాయి సాయం పట్టాడు. నిన్న మారేడుమిల్లి ఎక్కాను, అదే మలుపులు, అదే సెకండ్ గేర్, కావాలని తొక్కాను. గుర్రు లేదు, ఠప్ లేదు. 85 పైన ఆ సన్నది ఉంది, షాకిల్స్ మార్చేదాకా ఉంటుంది, జిప్సీలో 85 పైన వెళ్లి ఎవరిని పట్టుకోవాలి. మొత్తం ఖర్చు మౌంటింగులు, గ్రీజు, ఎనిమిది వాషర్లు, ఒక డబ్బా కిరసనాయిలు. మెకానిక్ దగ్గరికి వెళ్లి ఫోర్కుల ఫొటో చూపించాను. నేను తీసింది తీసినట్టే పెట్టాను, తర్వాత మీరే ఎక్కడో విప్పించి ఉంటారు అన్నాడు. వాదించలేదు. వచ్చేటప్పుడు ఆయన బెంచి మీద సుద్దముక్క ఒకటి పెట్టి వచ్చాను.

మన్యం_మట్టి
ఇంట్లో ఏమంటున్నారు, పాత ఇనప సామాన్లవాడు వచ్చాడా?

గోదారి_గట్టు
లారీ ఒకటే కనిపిస్తోందట, సంతోషం. ఇప్పుడు తలుపుల చప్పుడు సంగతి చూడమంటోంది.

హైవే_హనుమ
తలుపుల చప్పుడు అంటే టైర్లలో గాలి ఎక్కువై ఉంటుంది. 26 పెట్టి చూడు. నవ్వకండి, ఇది నిజం.

పాత_పానా
ఈసారి మాత్రం హనుమ చెప్పింది చేసి చూడు.

రామచిలుక
గోదారి గారూ, ఆ పొడుగు షాకిల్స్ తీసేశాక అమ్ముతారా?